గడ్డిచామంతి ఏ ఊరిది?

గడ్డిచామంతిని మీరు త్రొక్కియుందురు గాని చూచియుండరు. విశాఖపట్నపు శివారున మధురవాడలో, ఇండ్ల స్థలములకై చదును చేసిన ఎఱ్ఱనేలలో, గోడ ప్రక్కను అది నేలబారుగా ప్రాకుచుండును. జానెడు కాడ, దాని కొనను ఒక చిన్న పువ్వు. కోసి చేతిలో పెట్టుకొని చూడుడి. నడుమ పసుపుపచ్చని బుల్లి పూలు అనేకము. అంచున నాలుగైదు తెల్లని రేకులు, ఒక్కొక్క రేకు చివర మూడు నొక్కులు. ఒక్క పువ్వని మనమనుకొన్నది ఒక సంఘమే!

ఇది ప్రొద్దుతిరుగుడు కుటుంబములోనిది. దీని జాతి పేరు ట్రైడాక్స్. 1753లో లిన్నేయసు పండితుడు దీనిని తన గ్రంథమున చేర్చెను. ఆ జాతిలో ముప్పదికి దగ్గరగా రకములున్నవి. పుట్టిల్లు మెక్సికో మొదలైన అమెరికా దేశములు. అనగా మన గట్టుమీది ఈ మొక్క పరదేశి.

అయినను కొడవలి తగిలి వ్రేలు తెగినప్పుడు కూలివారు ఈ ఆకునే నలిపి పసరు పిండుదురు. నెత్తురు కట్టును. గాయము త్వరగా మానునని జంతువులపై చేసిన పరీక్షలలోను కనబడినది. (లోతైన గాయమైనచో ఆకును నమ్ముకొనక ఆసుపత్రికి పొండు.)

పరదేశమునుండి వచ్చినదెల్ల మంచిదేనా? కాదు. వయ్యారిభామను ఎరుగని రైతు కలడా? అదియు ఈ కుటుంబమే, ఆ ఖండమే. 1955 ప్రాంతమున పూనాలో కనబడి దేశమంతట వ్యాపించెను. దానిని ముట్టిన చేతులకు దురద, కొందరికి ఉబ్బసము. కాబట్టి పుట్టినచోటు అడిగి మంచిచెడ్డలు తేల్చలేము. ఫలమును చూడవలెను. ఫలము చూడవలెనన్న దగ్గరకు రానీయవలెను. గుమ్మమునొద్ద నిలువబెట్టి చూడగలమా?

లూకా సువార్త పదియవ అధ్యాయములో దొంగలచేత చిక్కినవానిని తలంచుకొనుడి. అతని గాయములు కట్టినవాడు సమరయుడు, యూదుల కంటికి అన్యుడు. పడియున్నవాడు “నీదే ఊరు?” అని అడిగినట్లు ప్రభువు చెప్పలేదు. మనమైతే అడుగుదుము, లేచి కూర్చుండిన పిమ్మట.

మధురవాడలో మేడలు కట్టుటకు శ్రీకాకుళమునుండి, ఒడిశానుండి కూలివారు వచ్చుచుందురు. మీ ఊరికిని కోతల కాలమున ఇట్టివారు వత్తురు. ఆదివారము వారిలో ఒక కుటుంబము గుడి గుమ్మమునొద్ద చెప్పులు విడిచి నిలుచును. ఏ ఊరు, ఎవరి తాలూకు అని పెద్దలు మర్యాదగానే విచారింతురు. ఆ విచారణ వెనుక దాగిన రెండవ ప్రశ్న ఏదో మీకును తెలియును, వచ్చినవారికిని తెలియును. వారు వెనుక చాపమీద కూర్చుందురు. ముందు వరుసలో చోటు ఉండనే యుండును.