నీళ్లమీద చల్లిన మెరుపు

చదువుకొనవలసిన వేదభాగములు: నిర్గమకాండము 32:15-20; ద్వితీయోపదేశకాండము 9:21; 22:8; యెహెజ్కేలు 34:17-19



క్రిస్మస్ పండుగ సమీపించుచున్నది. ఈపాటికి మన సంఘములలో యౌవనస్థులు చందాలు వసూలు చేయుచుందురు; పిల్లలు నాటకమునకు మాటలు వల్లెవేయుచుందురు. ఈ సమయమున ఒక చిన్న వస్తువును గూర్చి మీతో మాటలాడగోరుచున్నాను. అది ఎంత చిన్నదనగా, ఒక్క చిటికెలో వందల రవ్వలు పట్టును. అంగడిలో దానిని గ్లిట్టర్ అందురు. మన పిల్లలు చమ్కీ పొడి అందురు. నక్షత్రములమీదను, దేవదూతల రెక్కలమీదను, శుభాకాంక్షల కార్డులమీదను మిలమిలలాడు పొడి అదే. భూమికిని నీటికిని చేటు గనుక దానిని చట్టముచేత నిషేధింపవలెనని కొన్ని దేశములలో వాదము పుట్టినది. కొన్నిచోట్ల చట్టమే వచ్చినది. “ఇంత చిన్నదానికి ఒక ప్రసంగమా?” అని మీరు నవ్వవచ్చును. నేనును మొదట నవ్వినవాడనే.

కాబట్టి ముందుగా నా తప్పు ఒప్పుకొందును.

రెండేండ్ల క్రిందట మా గుడిలో క్రిస్మస్ రాత్రి పిల్లలు జ్ఞానుల నాటకము ఆడిరి. నక్షత్రము కనబడు ఘట్టమున యౌవనస్థులు పైనుండి గుప్పిళ్లతో ఈ పొడి చల్లిరి. జనులందరు చప్పట్లు కొట్టిరి. ఆ పొట్లములు కొనుటకు కానుకల పెట్టెలోని సొమ్ము ఇచ్చినవాడను నేనే. మరునాటి ఉదయమున గుడి ఊడ్చు సహోదరి చీపురు పట్టుకొని నిలిచి, “ఇది చేటలోకి ఎక్కడం లేదు అయ్యగారూ, ఏం చెయ్యమంటారు?” అని అడిగెను. నేను తొందరలో నుంటిని. “నీళ్లు కొట్టి బోదెలోకి తోసెయ్యమ్మా” అంటిని. ఆమె అట్లే చేసెను. మా బోదె పోయి పశువుల చెరువులో కలియును.

నాలుగు దినములైన తరువాత, ఆ చెరువుగట్టున బాతులు పెంచుకొను ఒక వృద్ధురాలు మా ఇంటికి వచ్చెను. ఆమె మన సంఘస్థురాలు కాదు. ఏటేట పండుగకు మా పిల్లలకని నాలుగు గ్రుడ్లు తెచ్చి యిచ్చును. ఆ దినమునను తెచ్చి, “అయ్యగారూ, ఈ ఏడు మా బాతులు కూడా మీ పండగ చేసుకున్నాయండి” అని ఒక గ్రుడ్డు నా చేతిలో పెట్టెను. ఆ పెంకుమీద మూడు పచ్చని రవ్వలు అంటుకొని మెరయుచుండెను. “ముక్కులకీ రెక్కలకీ అదేనండి. కడిగితే పోవట్లేదు” అనెను. ఆమె కోపపడలేదు, నిందింపలేదు. బాతులు చచ్చినవని నేను చెప్పబోను, చావలేదు. కాని ఆ గ్రుడ్డు చేతిలో పట్టుకొని ఆమెకు ఏమి చెప్పవలెనో తోచక నిలిచిపోతిని. ఆరాధనలో మేము చల్లినది ఆరాధనకు రాని ఆమె వాకిటికి చేరినది.

ఆ రాత్రి నాకు నిర్గమకాండములోని దూడ కథ జ్ఞాపకమునకు వచ్చెను. అహరోను చేసిన బంగారు దూడను మోషే కాల్చి, పొడి చేసి, నీళ్లమీద చల్లి, ఇశ్రాయేలీయులచేత ఆ నీళ్లు త్రాగించెను. ద్వితీయోపదేశకాండములో అతడు ఆ సంగతినే మరల చెప్పుచు, ఆ ధూళిని కొండనుండి పారు ఏటిలో పారవేసినట్లు తెలుపుచున్నాడు. చమ్కీ పొడి దూడవంటి విగ్రహమని నేననుట లేదు. అట్లు అనుట అన్యాయము. నేను గమనించిన సంగతి వేరు. మోషే ఆ నీళ్లు త్రాగించినది దూడను చేయించుకొని దానియెదుట పండుగ చేసినవారిచేతనే. మనమో, పండుగ మనము చేసికొని, నీళ్లు ఇతరులకు విడిచితిమి.

ఈ పొడి యేమిటో కొంచెము తెలిసికొనుట మంచిది. ఇది బంగారము కాదు, వెండి కాదు, అభ్రకమును కాదు. మంచినీళ్ల సీసాలు చేయు ప్లాస్టిక్ జాతిలోనిదే యైన పలుచని పాలియెస్టరు రేకుమీద అల్యూమినియమును మిక్కిలి సన్నని పూతగా పూసి, రంగు వేసి, యంత్రముతో సన్నని రవ్వలుగా కోయుదురు. ఎక్కువగా అవి ఆరు మూలలు గలవి. అట్లు కోసినయెడల రేకు వృథా కాదు. 1930లలో అమెరికాలోని న్యూజెర్సీలో హెన్రీ రష్‌మన్ అను యంత్రపు పనివాడు ఈ కోత పద్ధతి కనిపెట్టెనని చెప్పుదురు. 5 మిల్లీమీటర్లకు తక్కువైన ప్లాస్టిక్ ముక్కకు శాస్త్రజ్ఞులు మైక్రోప్లాస్టిక్ అని పేరు పెట్టిరి. సంచియో సీసాయో అట్టి ముక్కలగుటకు ఏండ్లు పట్టును. ఈ పొడి మాత్రము పుట్టుకతోనే ముక్కలు. అది కుళ్లదు, మన్ను కాదు. ఎండకు పెళుసుబారి ఇంకను చిన్నదగును.

సీసా చెరువులో పడినయెడల ఏ పిల్లవాడైనను దిగి తీయగలడు. ఈ రవ్వలను ఏ వల పట్టును? ఏ జల్లెడ పట్టును? చల్లక మానుట మన చేతిలో నున్నది. చల్లినపిమ్మట ఏరుట ఎవని చేతిలోను లేదు.

2020లో ఇంగ్లండునందలి ఆంగ్లియా రస్కిన్ విశ్వవిద్యాలయమువారు ఈ పొడిని మంచినీటిలో కలిపి 36 దినములు పరీక్షించిరి. నీటిపై తేలు సన్నని ఆకుల మొక్క వేళ్లు సగమునకు కురుచనైనవి. నీటిలోని పచ్చదనము చాల తగ్గినది. బాతులు మేయునది ఆ జాతి మొక్కలనే. 2022లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు 22 మంది రక్తమును పరీక్షింపగా 17 మంది రక్తములో ప్లాస్టిక్ కనబడెను. వారిలో సగముమందికి సీసాల జాతి ప్లాస్టిక్కే యుండెను. అది గ్లిట్టర్‌నుండి వచ్చినదని ఎవరును చెప్పలేదు; దానివలన ఏ రోగము కలుగునో ఇంకను తేల్చలేదు. భయపెట్టుటకు ఇది వ్రాయుట లేదు. మనము పారవేసినది మనలను విడిచి పోవుట లేదని తెలుపుటకే వ్రాయుచున్నాను.

ఇప్పుడు యెహెజ్కేలు గ్రంథము తెరువుడి. ముప్పది నాలుగవ అధ్యాయములో ప్రభువు కాపరులను గద్దించిన తరువాత మందవైపు తిరిగి బలిసిన గొఱ్ఱెలను అడుగుచున్నాడు. మీరు తేటనీళ్లు త్రాగితిరి, మంచిదే. మిగిలినవాటిని కాళ్లతో కలకలు చేయనేల? మీరు త్రొక్కినదానిని నా గొఱ్ఱెలు త్రాగవలెనా? ఇదీ ఆ మాటల భావము. ఆ గొఱ్ఱెలు నీళ్లు త్రాగుట పాపము కాదు. వెనుక వచ్చువానిని తలంపకపోవుటయే పాపము. ఆ అధ్యాయమును ఎన్నోసారులు ప్రసంగించితిని. కాని బలిసిన గొఱ్ఱె మా గుడిలోనే యున్నదని ఆ గ్రుడ్డు చూచువరకు నాకు తెలియలేదు.

మరి ఇది ఎవరి మనస్సాక్షికి వారు విడిచిపెట్టవలసిన సంగతియా, చట్టము చేయవలసిన సంగతియా? మోషే ధర్మశాస్త్రమును చూడుడి. క్రొత్త ఇల్లు కట్టువాడు డాబాకు పిట్టగోడ కట్టవలెనని అందులో ఆజ్ఞ యున్నది. లేనియెడల ఎవడైన పడి చచ్చినప్పుడు ఆ దోషము ఇంటివానిదే. గోయి త్రవ్వి మూయనివాడు, అందులో పడిన ఎద్దుకు వెల చెల్లింపవలెనని నిర్గమకాండము ఇరువది యొకటవ అధ్యాయములో నున్నది. “మీరు మంచివారు గనుక మీ ఇష్టము” అని దేవుడు విడిచిపెట్టలేదు. పొరుగువాని ప్రాణమును కాపాడు సంగతిలో చట్టము కూడ ప్రేమయొక్క పనియే. కనుక, విడి పొడిగా అమ్మబడు ప్లాస్టిక్ గ్లిట్టర్‌ను నిషేధించుట న్యాయమని నా అభిప్రాయము.

యూరోపియన్ యూనియన్‌వారు 2023 అక్టోబరు 17నుండి అట్లే చేసిరి. అయినను వారు గ్రుడ్డిగా చేయలేదు. అప్పటికే అంగళ్లకు చేరిన సరుకును అమ్ముకొననిచ్చిరి. ముఖమునకు పూసికొను అలంకరణలకు 2035 వరకు గడువిచ్చిరి. మన దేశములో 2022 జూలై 1నుండి అలంకరణకు వాడు థర్మోకోలు, ప్లాస్టిక్ జెండాలు, బుడగల ప్లాస్టిక్ పుల్లలు మొదలైనవి నిషేధింపబడినవి. ఆ పట్టికలో ఈ పొడి లేదు.

మా సంఘములో ఈ సంగతి ఎత్తినప్పుడు మూడు అభ్యంతరములు వచ్చినవి. మూడును ఆలోచింపదగినవే.

మొదటిది: “లోకములోని ప్లాస్టిక్‌లో ఇదెంత అయ్యగారూ? సముద్రంలో కాకిరెట్ట” అని ఒక పెద్ద అనెను. నిజమే. టైర్ల అరుగుదల, బట్టల దారములు, వలలు, సంచులు ఇంతకన్న ఎంతో ఎక్కువ. కాని టైరు రోగిని ఆసుపత్రికి చేర్చును. వల జాలరి పిల్లలకు అన్నము పెట్టును. ఈ పొడి లేకపోయినందున ఎవని ఆకలి పెరుగును? విడుచుటకు కష్టమైనవాటిని చూపి, సులభమైనదానిని విడువక పోవుట సాకు మాత్రమే.

రెండవది: పిల్లల సంతోషము. దేవుడు మెరుపునకు శత్రువు కాడు. గుడారమును అలంకరించుటకు బెసలేలును ఆత్మతో నింపినవాడు ఆయనే. తెల్లవారుజామున వరికంకిపై మంచుబిందువును, తూనీగ రెక్కను, చేపపిల్ల పొలుసును మెరయజేసినవాడు ఆయనే. ఆయన మెరుపు ఎండకు ఆరిపోవును, మన్నులో కలిసిపోవును. ఎవని నీటిని చెరుపదు.

మూడవ అభ్యంతరము నన్ను రాత్రులు నిద్రపోనియ్యలేదు. మా సంఘములో ఒక విధవరాలు అట్టముక్కలతో కిరీటములు, రెక్కలు చేసి, చమ్కీ అద్ది, ఫ్యాన్సీ కొట్లకు అమ్ముకొనును. క్రిస్మస్ నెల సంపాదనతో పిల్లవాని పరీక్ష ఫీజు కట్టును. ఆమె నిలువబడి, “వద్దంటే మానేస్తాను అయ్యగారూ. మరి నా బిడ్డ ఫీజు?” అని మాత్రము అనెను. గుడి అంతయు నిశ్శబ్దమాయెను. గుప్పిళ్లతో చల్లినవారము మేము. నష్టము మాత్రము ఆమెదా? చట్టము వచ్చినను ఇట్టిదే జరుగగలదు. అది చేయువాని కర్మాగారమును విడిచి, తోపుడుబండివానిని పట్టుకొనకూడదు. కాలువ చెరుపకుండుటకు పేదదాని కుండ పగులగొట్టుట నీతి కాదు.

ఇంకొక హెచ్చరిక. ప్లాస్టిక్ బదులు వేరొక మెరుపు తెచ్చుకొన్నయెడల సమస్త మాయెనని తలంపకుడి. 2020నాటి ఆ పరీక్షలోనే, నేలలో కలియునని చెప్పి అమ్మబడు పొడులును ఆ నీటి మొక్కకు చాలమట్టుకు ప్లాస్టిక్ పొడివలెనే కీడు చేసినవి. ఇక అభ్రకము మన నెల్లూరు సీమలోని గూడూరు ప్రాంతము వారికి చిరకాలముగా తెలిసినదే. కాని జార్ఖండులో చట్టవిరుద్ధమైన అభ్రకపు గనులలో చిన్నపిల్లలు దిగి ఏరుదురనియు, రెండు నెలలలో కనీసము ఏడుగురు పిల్లలు మరణించిరనియు 2016లో రాయిటర్స్ వార్తాసంస్థ వెల్లడించెను. బేత్లెహేము శిశువు నాటకమునకు మరియొక శిశువు ప్రాణము వెల కాకూడదు. కొనునప్పుడు ఎక్కడనుండి వచ్చెనని అడుగుడి. పారవేయునప్పుడు ఎక్కడికి పోవునని అడుగుడి.

మా సంఘము చేసిన ఏర్పాటు ఇది. గుడిలో ఆ పొడి ఇక చల్లము. చమ్కీకి వెచ్చించు సొమ్ముకు కొంత చేర్చి, ఆ సహోదరిచేతనే తాటాకుతోను రంగుకాగితముతోను నక్షత్రములు చేయించి, ఆమె అడిగిన వెలకు కొనుచున్నాము. మొదటి యేట ఆమెకు మునుపటంత రాలేదు. ఆ తక్కువను స్త్రీల సమాజము పిడికెడు బియ్యపు కానుకనుండి పూడ్చెను. తాటాకు నక్షత్రము వెనుక దీపము పెట్టినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టిరి. మునుపటికన్న గట్టిగా కొట్టిరని చెప్పను, కొట్టిరి. మీ యిండ్లలో పాత పొట్లములున్నయెడల కాలువలో పోయకుడి, కాల్చకుడి. మూత గట్టిగా బిగించి పొడి చెత్తతో పంచాయతీ బండివారికి ఇయ్యుడి. నేలమీద పడినదానిని నీళ్లు కొట్టక తడిగుడ్డతో అద్ది తీయుడి.

చివరకు నేను ఆ చెరువుగట్టుకు పోతిని. పోవుటకు వారము దినములు పట్టినది. కాపరికి క్షమాపణ ప్రసంగించుట సులభము, అడుగుట కష్టము. “అమ్మా, ఆ పొడి బోదెలోకి తోయించినది నేనే. తప్పు చేసితిని” అంటిని. ఆ వృద్ధురాలు బాతులకు తవుడు కలుపుచు, “పోనీలెండి, పండగ కదండీ” అనెను. ఆ మాట నాకు ఏ గద్దింపుకన్నను బరువాయెను. మన పండుగ ఆమెకు సువార్త కావలసియుండగా, ఆమె మన పండుగను క్షమింపవలసి వచ్చెను.

ప్రియులారా, ఈ క్రిస్మస్ రాత్రి గడచి, దీపములారిన పిమ్మట, గుడి ఊడ్చు సహోదరి చేటలో ఏమి మిగులునో ఒకసారి వంగి చూడుడి. అదియు మన ఆరాధనలోని భాగమే. దానిని కూడ ప్రభువు చూచుచున్నాడు.

ప్రార్థన: ప్రభువా, నీవు తేటగా నిచ్చిన నీళ్లను మా సంతోషముతో చెరిపితిమి, క్షమించుము. మా వెనుక త్రాగువారిని తలంచు మనస్సు మాకు దయచేయుము. మా పండుగ మా పొరుగువారికి భారము కాక ఆశీర్వాద మగునట్లు చేయుము. ఆమేన్.

— మీ సహ సేవకుడు, ఒక గ్రామ సంఘ కాపరి