డ్రైవరు నిద్రకు బాధ్యులెవరు?

మా నాయన లారీ డ్రైవరు. హోసూరు నుంచి నాగపూర్‌కు 44వ నంబరు జాతీయ రహదారి మీద లోడు తీసుకుపోతాడు. ఇంట్లో ఆయన పడుకుంటే మేము టీవీ కూడా పెట్టము. మరి దారిలో ఆయన నిద్రను ఎవరు కాపాడతారు?

ధాబా దగ్గర లారీ ఆపి, సీటు వెనక బల్ల మీద పడుకుంటాడు. ఉక్క, దోమలు, హారన్ల మోత. డీజిల్ దొంగలు వస్తారేమోనని ఒక చెవి తెరిచే ఉంటుందట. దాన్ని నిద్ర అనవచ్చా?

2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అనేది. దూర ప్రయాణాలకు 10 గంటల దాకా ఒప్పేది. అయితే "ఎక్కడున్నావు, ఎప్పుడొస్తావు" అని సరుకువాళ్లు చేసే ఫోన్లకు ఆ లెక్క పట్టదు. కునుకు పట్టి ప్రమాదం జరిగితే మాత్రం తప్పంతా డ్రైవరుదే అంటాము.

నేనూ అలా ఫోను చేసినదాన్నే. పోయిన ఉగాదికి "తెల్లారేసరికి రావాల నాయనా" అన్నాను. రాత్రంతా తోలి వచ్చాడు. పెనుకొండ దగ్గర ఒక్క క్షణం కళ్లు మూతపడ్డాయని అమ్మతో చెప్తుంటే విన్నాను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

తొందర పెట్టినవాళ్లకూ ఆ తప్పులో భాగం ఉందని నాకు అనిపిస్తుంది. ఇప్పుడు ఫోను చేస్తే "ఎప్పుడొస్తావు?" అని అడగను. "పడుకున్నావా నాయనా?" అని అడుగుతాను.