మీ నాయిన అడిగినదానికి జవాబు

అల్లుడూ,

“ఇంక నా వల్ల కాదురా, ఏదన్న గోలీ తెచ్చియ్యి” అని మీ నాయిన నిన్నడిగాడట. నువ్వు ఏమీ అనకుండా షిఫ్టుకు వెళ్లిపోయావని మా అక్క వచ్చి చెప్పింది. తప్పు పట్టను. ఆ మాట విన్న కొడుక్కి నోరు పెగలదు. కానీ రాత్రిళ్లు ఆయన పక్కన కూర్చునేది నువ్వే. జాలి కొద్దీ చెయ్యి ముందుకు పోకముందే కొన్ని సంగతులు నీకు తెలియాలి.

ఆయనే అడిగినా, నువ్వు ఎంత ప్రేమతో చేసినా, చావుకు సాయపడితే మన దేశంలో నేరమే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 108వ సెక్షన్, పాత పీనల్ కోడ్‌లో 306. పదేళ్ల దాకా జైలు, విచారణ సెషన్స్ కోర్టులో. గోలీ తెచ్చి చేతికిస్తే ఈ సెక్షన్. నీ చేత్తో నోట్లో వేస్తే అది చంపడమే. ఆయన ఒప్పుకున్నాడని రుజువైతే హత్య అనకపోవచ్చు గాని, ఐదేళ్లకు తగ్గని జైలు, యావజ్జీవం దాకా పడవచ్చు. స్విట్జర్లాండ్‌లో స్వార్థం లేకుండా సాయం చేస్తే శిక్ష లేదంటారు, నిజమే. అది అక్కడి చట్టం. ఇక్కడ 1996లో గ్యాన్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తులతో కూర్చుని, బతికే హక్కులో చచ్చే హక్కు లేదని తేల్చింది.

ఆస్తి సంగతి కూడా చెప్పాలి. హత్య చేసినవాడికీ, దానికి తోడ్పడినవాడికీ చనిపోయినవారి ఆస్తి దక్కదని హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ అంటుంది. మీకున్నది విడి ఘర్కుల్ కాలనీలో ఆ చిన్న ఇల్లొక్కటే. రేపు దాయాదుల్లో ఒకరు “కొడుకే పంపించేశాడు” అన్నారనుకో, నీ ప్రేమకు సాక్ష్యం ఎక్కణ్నుంచి తెస్తావు?

హైదరాబాద్ వెంకటేశ్ సంగతి నువ్వు వినాలి. చదరంగం ఆడేవాడు, పాతికేళ్ల పిల్లవాడు. కండరాలు కరిగిపోయే డ్యూషెన్ జబ్బు. పూర్తిగా పోయేలోగా అవయవాలు పాడైపోతాయని, ముందే తీసి నలుగురికి ఇమ్మన్నాడు. కన్నతల్లి ఆ కోరిక పట్టుకుని కోర్టుకెక్కింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం మెదడు చనిపోయాకే ఒప్పుకుంటుంది కనుక, 2004 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కుదరదంది. ఆ నెలలోనే అతను పోయాడు. అది చదివినప్పుడల్లా నాకు ఆ తల్లే కళ్ల ముందు నిలుస్తుంది. నలుగురికి మేలు చేసే కోరికకే అక్కడ దారి దొరకలేదు.

అయితే మీ నాయిన మాటలో న్యాయమైనది ఒకటి ఉంది, దాన్ని విడదీసి చూడు. ఆయన భయమంతా వెంటిలేటరు. మన గల్లీలో గొట్టాల మధ్య నెల రోజులుండి పోయినవాళ్లను చూశాడు, వెనక మిగిలిన అప్పులూ చూశాడు. ఆ భయానికి చట్టం దారి ఇచ్చింది. ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ 1973 నుంచి మంచాన పడి ఉన్న కేసులో, 2011లో మొదటిసారి సుప్రీంకోర్టు ఆ తలుపు కొంచెం తీసింది. ఆమెకు మాత్రం అన్నం ఆపనివ్వలేదు. ఏళ్ల తరబడి సాకిన నర్సులే వద్దన్నారు. 2018 మార్చి 9న కామన్ కాజ్ తీర్పు వచ్చింది. బాగయ్యే ఆశ లేనప్పుడు యంత్రాలు వద్దని మనిషి ముందే రాసి పెట్టుకోవచ్చు. దాన్నే లివింగ్ విల్ అంటున్నారు. 2023 జనవరి 24న ఆ పద్ధతిని తేలిక చేశారు: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చాలు, మేజిస్ట్రేటు దగ్గరికి పోనక్కర్లేదు. తన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు రాయాలి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. ఆయనకు తెలివి ఉన్నంతకాలం ఆ కాగితం పని చెయ్యదు, ఆయన నోటి మాటే చెల్లుతుంది. తెలివి పోయాక కూడా డాక్టర్ల బోర్డులు రెండు చూసి ఒప్పుకోవాలి. ఒక కాపీ మహానగరపాలికలో ఇవ్వాలి.

ఇంట్లో చావు మాట ఎత్తితే అరిష్టమని అక్క అంటుంది. యముడు వచ్చినా శివలింగాన్ని వదలని మార్కండేయుడి వంశం మనది, ఏటా నారళీ పున్నమికి రథం లాగేవాళ్లం, నిజమే. కానీ యంత్రం వద్దనడం యముణ్ని పిలవడం కాదు. అక్కకు ఆ మాట నేను చెప్తాను.

ఇంకొకటుంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. “గోలీ తెచ్చియ్యి” అన్నవాడు ఒక్కోసారి చావు అడగడు, ఊపిరి అడుగుతాడు. చద్దర్ల కార్ఖానాలో పింజ పీల్చి పీల్చి ఆయన ఊపిరితిత్తులు అట్లా అయ్యాయి. పత్తి ధూళి జబ్బు చట్టంలో పరిహారం ఇవ్వాల్సిన వృత్తి జబ్బుల జాబితాలో ఉంది. సేట్ దగ్గర పనిచేసిన రుజువులు వెతుకు, పరిహారం అడుగుదాం. ఆయాసానికి, నొప్పికి డాక్టరు కొలిచి ఇచ్చే మార్ఫిన్ నేరం కాదు. బతుకు పొడిగించకపోయినా బాధ తగ్గించే వైద్యం ఒకటుంది, సివిల్ హాస్పిటల్లో దాని గురించి అడుగుదాం. అక్క బీడీలు చుట్టి తెచ్చే డబ్బుతో తన మందులు కొంటున్నందుకు ఆయన సిగ్గుపడుతున్నాడని నా అనుమానం. అదే అయితే మందు వేరు. మందుల డబ్బా మాత్రం నీ దగ్గర పెట్టుకో, ఆయన్ను ఒంటరిగా వదలకు. రాత్రి మనసు మరీ చెదిరితే 14416కు ఫోన్ చెయ్యండి, తెలుగులోనూ మాట్లాడతారు.

సాక్షులుగా మన చుట్టాలు వద్దు, వీలైనంత వరకు బయటివాళ్లు ఉండాలి. దత్తనగర్‌లో రిటైరైన మాస్టారు ఒకరిని నేను అడుగుతాను. నువ్వు ఈ రాత్రి ఆయన పక్కన కూర్చుని, “ఏ బాధ ఓర్చుకోలేకపోతున్నవ్ నాయినా?” అని అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసుకో. పొద్దున ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి పోదాం, నేనూ వస్తాను.