ముద్ర కూడా ఒక సాక్ష్యమే

సబ్బు కొనేటప్పుడు అందులో జంతువుల కొవ్వు కలిసిందేమోనని మనం విచారిస్తాం. విశ్వాసికి తగిన జాగ్రత్తే ఇది. పెట్టెపై 'సోడియం పామేట్' అని కనబడితే, పామాయిల్‌తో చేసిందని మనసు కుదుటపడుతుంది. అయితే ఆ నూనె ఎలా పండిందన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

ప్రపంచపు పామాయిల్‌లో అయిదింట నాలుగు వంతులకు పైగా ఇండోనేషియా, మలేషియాలదే. అక్కడ తోటల కోసం అడవులను నరికిన, తగలబెట్టిన సంగతులు, కూలీలను పీడించిన సంగతులు లోకానికి తెలుసు. అందుకే 2004లో 'రౌండ్ టేబుల్ ఆన్ సస్టెయినబుల్ పామాయిల్' అనే సంస్థ ఏర్పడింది. అడవినీ కూలీనీ కాపాడే నియమాలు పాటించిన తోటలకు తనిఖీ తర్వాత ధ్రువీకరణ లభిస్తుంది.

ఇక్కడే ఒక ధర్మసందేహం ఉంది. సబ్బు సరుకుల వ్యాపారంలో 'మాస్ బ్యాలెన్స్' అనే పద్ధతి బాగా వాడుకలో ఉంది. ధ్రువీకరణ ఉన్న నూనె, లేని నూనె ఒకే ట్యాంకులో కలుస్తాయి. ధ్రువీకరణ ఉన్న నూనె ఎంత కొన్నారో, లెక్క ప్రకారం అంతకు సరిపడా సరుకునే ఆ పేరుతో అమ్మాలి. మన చేతిలోని సబ్బులో ఆ నూనె ఎంతుందో ఎవరూ చెప్పలేరు. 'క్రెడిట్స్' పద్ధతిలోనైతే ఆ తోట నూనె మన సబ్బుదాకా రానవసరమే లేదు. డబ్బు మాత్రం పండించినవారికి చేరుతుంది.

మరి ఇది మోసమా? మాంసం దుకాణంలో ఎవరైనా ఇలాంటి లెక్క చెబితే మనం ఒప్పుకోం. ఎందుకంటే మనం తినే ఆ ముక్కే హలాల్ కావాలి. అడవి విషయం వేరు. ఇక్కడ దోషం నూనె చుక్కలో లేదు, దాన్ని పండించిన తీరులో ఉంది. మంచిగా పండించినవాడికి ప్రతిఫలం అందితే మేలు జరిగినట్లే. కనుక కలపడమే పాపమని అనలేం.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మకందారు చెప్పాడు. జనానికి కనబడేలా ఆ తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. వాన కురవడం అతని తప్పు కాదు, దాచడం తప్పు. ముద్రకూ ఇదే కొలత. 'మిక్స్‌డ్' అనో 'క్రెడిట్స్' అనో స్పష్టంగా రాస్తే అది నిజాయితీ. ఆ మాటను మరుగుపరచి, సబ్బంతా పచ్చటి తోటదే అన్నట్లు ప్రచారం చేస్తే అది అబద్ధపు సాక్ష్యం.

ఇది దూరదేశాల వ్యవహారం మాత్రమే కాదు. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఆయిల్ పామ్ సాగుకు జాతీయ మిషన్ ప్రకటించింది. తెలంగాణలో ఒకప్పుడు ఖమ్మం ప్రాంతానికే దాదాపు పరిమితమైన ఈ పంట నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టలకూ వచ్చింది. ఎకరానికి 57 మొక్కలు నాటుతారు. ఎదిగిన చెట్టుకు ఎండాకాలంలో రోజుకు సుమారు 200 లీటర్ల నీరు కావాలి. అంటే ఎకరానికి 11 వేల లీటర్ల పైమాటే. సాగుభూమిలో వేసిన తోట గురించి 'ఇక్కడ అడవి నరకలేదు' అంటే అది నిజమే. కానీ మన బోరు కింది నీరు పొరుగు రైతు బోరు కిందిదీ అవుతుంది. అతని హక్కును లెక్కలోకి తీసుకోని సాక్ష్యం సగమే.

కాబట్టి సోదరులారా! తోట వేసేవారు డ్రిప్ పెట్టి, నీటిని కొలిచి వాడాలి. కొనేవారు ముద్రను చూసి ఊరుకోక, దాని పక్కనున్న చిన్న అక్షరాలనూ చదవాలి. చూసినంతే చెప్పడం, చెప్పినదానికి జవాబుదారీగా నిలబడటం సాక్షి ధర్మం. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.