ఘనపురం గుట్టకు, నల్లమలకు కాదు



కార్తీకంలో ఒక ఆదివారం నీ రెండు కుక్కలనూ వెంటబెట్టుకొని నల్లమలలో మన్ననూరు మీదుగా ఫరహాబాద్ దాకా నడవాలని ఉందని రాశావు. గద్వాల వీధుల్లో గొలుసుకు కట్టేసి ఉండే జీవాలకు ఒక రోజైనా గాలి మారాలన్న నీ తపన మంచిది. నడవాల్సిందే. కానీ నల్లమల వద్దు.

1983లో పులుల కోసం కేటాయించిన నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిలో తెలంగాణ వైపు భాగమే ఇప్పటి అమ్రాబాద్ టైగర్ రిజర్వు. 2,600 చదరపు కిలోమీటర్లు దాటిన అడవి. అందులో పులి, చిరుత, ఎలుగు, రేసుకుక్క తిరుగుతాయి. చిరుతకు కుక్క సులువుగా దొరికే తిండి. ఎలుగును చూసి మొరిగిన కుక్క, అది తిరగబడితే పరుగెత్తుకొచ్చేది యజమాని కాళ్ల దగ్గరికే. వెనకాలే ఎలుగూ వస్తుంది. ఇది నీకూ నీ కుక్కకూ వచ్చే ఆపద. అడవికి వచ్చే ఆపద దీనికంటే పెద్దది, పైగా కంటికి కనపడదు.

1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో డిస్టెంపర్ అనే రోగం సోకి సుమారు వెయ్యి సింహాలు చచ్చిపోయాయి. అక్కడున్న ప్రతి మూడింటిలో ఒకటి పోయిందన్నమాట. ఆ వైరస్ చుట్టుపక్కల పల్లెల కుక్కల నుంచి వచ్చిందని శాస్త్రవేత్తలు తేల్చారు. అంత దూరమెందుకు, 2018లో మన గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే 20కి పైగా సింహాలు పోతే, వాటిలోనూ ఇదే వైరస్ బయటపడింది. ఇది తుమ్ముతో, ఉచ్చతో, ఎంగిలి నీళ్లతో అంటుకుంటుంది. పైకి చక్కగా కనిపించే కుక్క కూడా దాన్ని మోసుకుపోగలదు.

చెంచుల కుక్కలు అడవిలోనే ఉన్నాయి కదా అని నువ్వు అడుగుతావు. ఉన్నాయి. 1940ల మొదట్లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య తిరిగి, 1943లో వాళ్ల మీద పుస్తకం వేసిన హైమండార్ఫ్ కాలం నుంచే కాదు, అంతకు ముందు ఎన్ని తరాల నుంచో పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, కుక్క ఇంటి మనిషే. కానీ ఆ కుక్క ఊరి నుంచి వచ్చిపోయేది కాదు, అక్కడే పుట్టి అక్కడే ఉండేది. పట్నం కుక్క రోగం తెస్తే ముందు చచ్చేది అప్పాపూర్ పెంటలోని కుక్కే. దాని నుంచి రేసుకుక్కకు, అక్కడి నుంచి పులికి. ఒక చెంచు కుటుంబానికి రాత్రిపూట కావలి లేకుండా చేసే హక్కు మన ఆదివారం సరదాకు లేదు. నీకు నల్లమల చూడాలని ఉంటే చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరకు రా. లింగమయ్యను పిలుచుకుంటూ లోయలోకి దిగే జనంతో కలిసి నడువు. కుక్కలను ఇంట్లో వదిలి రా.

మరి కుక్కలతో ఎటు పోవాలి? వనపర్తి జిల్లా ఖిల్లా ఘనపురానికి. రెండు గుట్టలను కలుపుతూ కట్టిన కోట, కింద గణపసముద్రం చెరువు. కాకతీయుల కాలం నాటి ఊరు. బండలెక్కి పైకి పోతే ఒకవైపు నీళ్లు, ఒకవైపు వరి మళ్లు. ఒక పూట నడకకు అంతకన్నా ఏం కావాలి?

ఎట్లా నడవాలో మన పాలమూరు గొల్లకురుమలను చూసి నేర్చుకో. పంట కోసిన చేన్లలో మంద పెట్టినప్పుడు తోడేళ్ల భయానికి కుక్కే కాపలా. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మంద కదులుతుంది, ఎండ ముదిరేసరికి చెట్టు నీడకు చేరుతుంది, కుక్కా అక్కడే పడుకుంటుంది. మనిషి తొందరను బట్టి కాదు, జీవాల ఓపికను బట్టి నడక సాగుతుంది. ఈ ఒక్కటి నీకు పట్టుబడితే చాలు. ఎందుకంటే కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి చల్లబడే దారి. అలసినా చెప్పదు. నువ్వు పోతుంటే పడిపోయేదాకా వెంట వస్తుంది. ఆ నమ్మకాన్ని వాడుకోకూడదు.

కాబట్టి బండ మీద అరచేయి వెనకవైపు పెట్టి చూడు. నీ చేయి ఆనించి ఉంచలేకపోతే దాని పాదమూ ఉంచలేదు. కుంటితే కాలు ఎత్తి వేళ్ల సందుల్లో బొటనవేలితో మెల్లగా తడుము, పల్లేరు ముల్లు అక్కడే దాక్కుంటుంది. నాలుక ముదురు ఎరుపెక్కి, చొంగ చిక్కగా కారుతూ, నడక తూలితే ఇక శిఖరం మాట మరిచిపో. నీడకు చేర్చి, పొట్ట మీద, పాదాల మీద నీళ్లు పోస్తూ పశువుల డాక్టరు దగ్గరికి బయలుదేరాలి.

దారిలో మంద ఎదురైతే తాడు బిగించి పట్టు. చూడి గొర్రెలు బెదిరితే ఈసుకుపోతాయి. ఆ నష్టం భరించేది రోజంతా ఎండలో తిరిగే మనిషి. నెమళ్లు, కముజులు నేల మీదే గుడ్లు పెడతాయి, కుందేలు పొదలో పడుకుంటుంది. 1972 వన్యప్రాణి చట్టం చూస్తే చంపడమే కాదు, వెంటపడి తరమడమూ వేట కిందికే వస్తుంది. కుక్క దాని బుద్ధికొద్దీ ఉరుకుతుంది, దానిది తప్పు కాదు. తాడు నీ చేతిలో ఉంది.

పోయేముందు రేబిస్, డిస్టెంపర్ టీకాలు రెండింటికీ వేయించు. ఈ వారమే వేయిస్తే కార్తీకానికి టైము సరిపోతుంది. గద్వాల నుంచి తెల్లారకముందే బయలుదేరు. నీళ్లు నీకు ఎన్నో, వాటికీ అన్ని. ఎండ ముదరకముందే కిందికి దిగాలి. పెద్దదానికి ఈ మధ్య వెనక కాళ్లు పట్టేస్తున్నాయని రాశావు కదా, దాన్ని గుట్ట ఎక్కించకు. తమ్ముణ్ణి తోడు తీసుకుపో. చిన్నదాంతో నువ్వు పైకి పో, వాడు పెద్దదాంతో చెరువు కట్ట మీద నీడలో ఉంటాడు.

మీ పెద్దనాయన