మణికట్టు మీది సాక్షి

మనకు కీడుగా చెప్పిన సాక్షిని నిలదీయుట లోకమున అందరికిని తెలిసిన విద్యయే. మేలుగా చెప్పిన సాక్షిని నిలదీయువారు ఎందరున్నారు? ఈ ప్రశ్న నాకు ఏ గ్రంథమును చదువుట వలన కలుగలేదు. అరువది దాటిన యీ వయసులో ఎడమచేతికి కట్టుకొన్న ఒక చిన్న గడియారము వలన కలిగినది.

నేను వైద్యుడను కాను, పండితుడను కాను. మెట్రిక్కు ప్యాసయి, షోలాపురములోని ఒక మిల్లు నూలు గిడ్డంగిలో గుమాస్తాగా చేరి, తూకముల పుస్తకములు వ్రాసి వ్రాసి విశ్రాంతి పొందినవాడను. ఆ మిల్లు ఇప్పుడు లేదు. మా తాతగారు మగ్గమును నమ్ముకొని తెలంగాణము నుండి యిచటికి వచ్చిరి. ఇంట తెలుగు, వీథిలో మరాఠీ, లెక్కల పుస్తకమున ఇంగ్లీషు, ఇట్లు మూడు భాషలలో బ్రదుకు గడపిన మాబోటి కుటుంబములు ఈ యూర పెక్కు కలవు.

డాక్టరు నన్ను ప్రతి ఉదయము వేగముగా నడువుమనిరి. పూణేలో ఉద్యోగము చేయుచున్న మా అబ్బాయి గుండె కొట్టుకొను లెక్కను చూపెడి గడియారమును పంపి, "నాన్నా, 120 దాటిందంటే నిలబడిపోవాలె, మరిచిపోవద్దు" అని ఫోనులో చెప్పినాడు. నాలుగవనాడు చెరువు గట్టుపై చేతులు ఊపుచు నడచుచుండగా గడియారము 128 చూపెను. గుండె ఝల్లుమనెను. వెంటనే నిలిచి, కుడిచేతి చూపుడువ్రేలు, నడిమివ్రేలు ఎడమ మణికట్టుపై బొటనవ్రేలి వైపున ఆనించి 15 సెకండ్లు లెక్కించితిని. 25 వచ్చినవి. నాలుగింతలు చేసిన 100. (బొటనవ్రేలితో చూడరాదు, దానికి తన నాడి గలదు, అది మనలను మోసగించును.) నిలిచిన వెంటనే గుండె వేగము తగ్గుట మొదలిడునని తెలియును గాని, అంతలోనే 28 తగ్గునా?

గుమాస్తా బుద్ధి ఊరకుండదు. మరునాడు నా వెంట నడచెడి మిత్రుని నా అడుగులు లెక్కపెట్టుమంటిని. నిమిషమునకు 128! గడియారము నా గుండెను విడిచి నా కాళ్ళను లెక్కించుచున్నది.

ఇది ఎట్లు జరుగునో తరువాత తెలిసికొంటిని. ఆ గడియారము అడుగున పచ్చని వెలుగు కలదు. రక్తము పచ్చని వెలుగును మ్రింగును. గుండె కొట్టినప్పుడెల్ల చర్మము క్రింద రక్తము పెరిగి, తిరిగి వచ్చు వెలుగు రవ్వంత తగ్గును. ఆ తగ్గుదలలను యంత్రము లెక్కించును. అవి మిక్కిలి చిన్నవి. చేయి ఊగునప్పుడు గడియారము కదలి, చర్మము కదలి, సందులనుండి బయటి వెలుగు చొచ్చి, అంతకంటె పెద్ద అలలు పుట్టును. అడుగుల తాళము క్రమము తప్పనిది కావున యంత్రము దానినే గుండె తాళమని భ్రమించును. పట్టీ వదులుగా నున్నచో ఈ భ్రమ హెచ్చు. మణికట్టు ఎముకకు ఒకటి రెండు వ్రేళ్ళ పైకి జరిపి, కదలనంత బిగువుగా, చేయి తిమ్మిరెక్కనంత వదులుగా కట్టవలెను. అడుగున చెమట, నూనె లేకుండ తుడువవలెను. చలిలో చర్మమునకు రక్తము తక్కువగా వచ్చును గనుక, ముందు కొంతసేపు మెల్లగా నడచి ఒడలు వెచ్చబడనీయవలెను. పచ్చబొట్టు ఉన్నచోట కట్టినను వెలుగు సరిగా పోదు. మా అమ్మమ్మ బ్రదికి యుండి ఈ గడియారము పెట్టుకొన్నచో, ఆమె ముంజేతి పచ్చబొట్టు తులసికోట దీనిని ముప్పుతిప్పలు పెట్టి యుండును!

ఎదకు కట్టుకొను పట్టీ వేరు జాతిది. అది వెలుగును గాక, గుండె పుట్టించు విద్యుత్తును పట్టును. విల్లెం ఐంథోవెన్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఆ విద్యుత్తును చక్కగా వ్రాసిచూపు యంత్రమును నిర్మించి 1924లో నోబెల్ బహుమానము పొందినాడు. ఈ పట్టీ వ్యాయామములో మణికట్టు గడియారముకంటె నమ్మదగినదందురు. కాని దానికిని దోషములున్నవి. చర్మము పొడిగా నున్నచో మొదటి నిమిషములలో పిచ్చి అంకెలు చూపును. కట్టుకొనుటకు ముందు నీటితో తడుపవలెను. చెమట ఉప్పు పేరుకొన్నను, బ్యాటరీ నీరసించినను, నైలాను బనియను రాచుకొన్నను తప్పులు వచ్చును.

ఇదంతయు నేర్చి నేను పట్టీ బిగించితిని. అంకెలు దారికి వచ్చినవి. గడియారము తప్పును పట్టినవాడనని పదిమందికి చెప్పుకొంటిని. అసలు సంగతి ఇచట మొదలగుచున్నది.

రెండు నెలల తరువాత ఒకనాడు గట్టు ఎక్కుచుండగా ఎదలో ఏదో తడబాటు. ఊపిరి చాలలేదు. గడియారము వైపు చూచితిని: 88. "బాగున్నది" అనుకొని మరి రెండు చుట్లు నడచితిని. ఇంటికి వచ్చి మెట్లెక్కగానే మా ఇంటిది, "ఏందండీ, నాలుగు మెట్లకే గింత రొప్పుతున్నరు?" అని అడిగినది. గడియారము చూపితిని. "దాన్ని కాదు, మిమ్మల్ని అడుగుతున్న" అన్నది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక చేత నా మణికట్టు పట్టి, ఎదపై గొట్టము ఆనించి లెక్కించినది. ఎద వద్ద 132. మణికట్టు వద్ద 94. గుండె పై గదులు లయ తప్పి అదరుచున్నవట. దానిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. అట్టి వేళ కొన్ని దెబ్బలు బలహీనమై మణికట్టు దాక చేరవు. గడియారము చేరినవానిని కూడ సరిగా లెక్కింపలేక 88 అన్నది. ఈ లయ తప్పిన గుండెలో రక్తము గడ్డకట్టి మెదడునకు పోవు ప్రమాదము కలదని, నెత్తురు గడ్డకట్టకుండుటకు ఒక మందు, వేగము తగ్గించుటకు ఒక మందు వ్రాసి యిచ్చినది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జబ్బు భయము కొంత. దానికంటె ఎక్కువగా బాధించినది మరొకటి. 128 అన్ననాడు నడిదారిలో నిలిచి నా వ్రేళ్ళు మణికట్టు మీదికి పోయినవి. 88 అన్ననాడు పోలేదు. మొదటినాడు ఒంట్లో ఏ బాధయు లేదు. రెండవనాడు ఒడలు కేకలు వేయుచున్నది. అనుమానింపవలసిన నాడు అనుమానింపక, అక్కరలేని నాడు అనుమానించితిని. యంత్రదోషమును వెదకుటలో నేను సత్యము కొరకు వెదకితినా, నాకు నచ్చిన అంకె కొరకు వెదకితినా?

మిల్లులో ఒక కాటా ఉండెడిది. బయటినుండి వచ్చు నూలు బేళ్ళను దానిపై తూచెడివారము. అది బేలుకు అరకిలో తక్కువ చూపుచుండెను. తక్కువ తూగిన, మిల్లు చెల్లింపవలసిన సొమ్మును తక్కువయే. నెలలు గడచినను ఎవరును పలుకలేదు. పిమ్మట ఆ కాటాను సరుకు బయటికి పంపు వైపునకు మార్చిరి. వారము తిరుగకమునుపే మరమ్మతువానిని పిలిచిరి! ఆ నెలలలో నాకు అనుమానము కలుగలేదని చెప్పజాలను. ఖాళీ కాటా ముల్లు సున్న దగ్గర నిలువకుండుట నేను చూచితిని. యజమాని లాభమే కదా, నా ఉద్యోగము వ్రాయుటయే కదా అనుకొంటిని. ఆ పుస్తకములోని అక్షరము నాది. అరకిలో చొప్పున నష్టపోయిన వర్తకుడు ఎవడో నాకు తెలియదు. చెరువు గట్టు మీద నష్టపోవలసినవాడు మాత్రము నేనే.

"అయితే యంత్రమును పారవేసి ఒడలినే నమ్మరాదా?" అని మిత్రుడు అడిగెను. ఒడలును నిర్దోషి కాదు. భయపడిన మాత్రమున నాడి పరుగెత్తును. మన పూర్వులు నాడి ఎన్నిమారులు కొట్టెనని గాక, ఎట్లు నడచెనని చూచిరి. శార్ఙ్గధర సంహితలో నాడి నడకను పాము, కప్ప, హంస మొదలగువాని నడకలతో పోల్చిరి. ఇంగ్లండులో జాన్ ఫ్లోయరు అను వైద్యుడు 1707లో నాడి గడియారమును గూర్చి గ్రంథము ప్రకటించి, నిమిషపు లెక్కకు దారి చూపినాడు. లెక్క మేలే చేసినది. కాని నా గుండెలో చెడినది నడక. నేను చూచినది లెక్క.

వయసును 220 నుండి తీసివేసి గుండె గరిష్ఠ వేగమును చెప్పెడి సూత్రమొకటి కలదు. అది సగటు మాత్రమే; మనిషికి మనిషికి పదిపన్నెండు అటునిటు మారును. వేగము తగ్గించు మందు పుచ్చుకొను నావంటివానికి అది అసలే పనికిరాదు. స్వీడను దేశీయుడగు గున్నార్ బోర్గ్ శ్రమను మనసుతో తూచి 6 మొదలు 20 వరకు అంకె చెప్పుమన్నాడు. ఆరోగ్యవంతులలో దానిని పదింతలు చేసిన సుమారుగా గుండె వేగమగును. డాక్టరమ్మ నాకు ఇంకను తేలికగా చెప్పినది: నడచుచు మాటాడగలుగవలెను, మాట తెగినచో ఆగవలెను, ఎద బరువెక్కినను, కన్నులు తిరిగినను, అంకె ఏదైనను నడక మాని రావలెను.

ఇక నాకు మిగిలినది ఒక చిక్కు. నచ్చిన అంకెను కూడ ప్రతిసారి అనుమానించువానికి బ్రదుకు నరకమగును. ఎప్పుడును అనుమానింపనివానికి నా గతి పట్టును. నచ్చుట, నచ్చకపోవుట అను వానికి ఈ తీర్పు వదలరాదని తోచి, సోమవారము, గురువారము అని రోజులు పెట్టుకొంటిని. ఆ రోజులలో గడియారము ఏమి చెప్పినను సరే, వేపచెట్టు క్రింద కూర్చుండి పూర్తిగా 60 సెకండ్లు లెక్కింతును. లయ తప్పిన నాడికి 15 సెకండ్లు చాలవు. పిమ్మట మా ఇంటిది లెక్కించును. నా లెక్కకు కూడ సాక్షి ఉండవలె కదా! పాత అలవాటు చొప్పున గీతలు గీసిన పుస్తకములో మూడు వరుసలు వ్రాయుచున్నాను.

గడచిన గురువారము గడియారము 84, నేను 81, ఆమె 86. ఏది నిజమని మా అబ్బాయి ఫోనులో అడిగినాడు. మూడును వ్రాసి పంపితిని.