ధైర్యం ఎన్ని సేర్లు?

బియ్యాన్ని సేరుతో కొలుస్తాం. పూలను మూరతో కొలుస్తాం. పాలను చెంబుతో కొలిచి, అందులో నీళ్ళెన్నో చూపుతోనే కొలుస్తాం. మరి మనిషి ధైర్యాన్ని దేంతో కొలవాలి? ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. మనస్తత్వశాస్త్రం చదువుతున్న మా మేనల్లుడు సెలవులకు ఆలూరు వచ్చినప్పుడు పుట్టింది.

వాడి చేతిలో ఒక ప్రశ్నల కాగితం ఉంది. రైతుల్లో తెగువ ఎంత ఉందో తేల్చాలట. అరుగు మీద కూర్చున్న మా పెద్దనాయన దగ్గరికి పోయి, “తాతా, నీకు ధైర్యం బాగా ఉందనుకుంటే 5, అసలు లేదనుకుంటే 1. ఎంత వేసుకోమంటావు?” అన్నాడు.

పెద్దనాయన బీడీ ఆర్పి, “దేనికి ధైర్యం నాయనా? పాముకా, పోలీసుకా, అప్పుకా?” అన్నాడు.

వాడు నీళ్ళు నమిలాడు.

“దేవరగట్టు బన్నిలో కట్టెల మధ్యకు పోయొచ్చినోణ్ణి. దానికి 5 వేసుకో. బ్యాంకు మెట్లెక్కాలంటే కాళ్ళు వణుకుతాయి. దానికి 1 వేసుకో. రెండూ కలిపి సగం చేసి 3 అని రాసుకుంటే, ఆ 3 ఎవరిదప్పా? నాది మాత్రం కాదు.”

దేవరగట్టు మాకు దగ్గరే, హోళగుంద మండలంలో ఉంది. విజయదశమి రాత్రి అక్కడ మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తుల కోసం ఊళ్ళకు ఊళ్ళు కట్టెలు పట్టుకుని తలపడతాయి. తలలు పగిలే చోటికి వెళ్ళొచ్చిన మనిషిని 1కీ 5కీ మధ్య ఎక్కడ కూర్చోబెడతాం?

మేనల్లుడి ఇబ్బంది కొత్తదేమీ కాదు. ఇలా ఒకటి నుంచి అయిదు దాకా మెట్లు కట్టి మనసును అడిగే పద్ధతిని 1932లో లైకర్ట్ అనే అమెరికన్ ప్రచారంలోకి తెచ్చాడు. అంతకు ముందే, 1927లో, బ్రిడ్జ్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక గట్టి మాట అన్నాడు. పొడవు అంటే ఏమిటని తలపట్టుకోకండి, పొడవును కొలవడానికి ఏమేం పనులు చేస్తున్నారో చెప్పండి, ఆ పనులే దాని అర్థం అన్నాడు. మనస్తత్వశాస్త్రజ్ఞులు ఈ మాటను అందిపుచ్చుకున్నారు. భయం, తెలివి, ఆశ ఎవరికీ కంటికి కనిపించవు. కాబట్టి వాటికి గుర్తుగా కనిపించే పని ఒకటి ఎంచుకుని దాన్ని లెక్కబెట్టాలి.

ఇదేదో సముద్రాలు దాటి వచ్చిన విద్య అనుకోకండి. మా మెట్టసేద్యగాళ్ళకు వాన ‘చాలినంత’ పడిందా అన్నది ప్రాణం మీది ప్రశ్న. ఆ ‘చాలినంత’ అన్నది మాత్రం కంటికి కనబడుతుందా? అందుకే చేలో చేత్తో తవ్వి తడి ఎంత లోతు దిగిందో చూస్తారు. మట్టిని పిడికిట్లో బిగించి చూస్తారు. ఉండ కట్టిందా, పదునైనట్టే, విత్తనం వేయొచ్చు. ఆఫీసులో వాన మిల్లీమీటర్లలో ఉంటుంది. చేలో పదునులో ఉంటుంది. రెండూ కొలతలే, అడిగిన ప్రశ్నలే వేరు.

సరే, తెగువకు పదును ఎట్లా చూడాలి? తెలుగు నేల మీదే ఒకాయన చూశాడు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1975లో కొన్ని పల్లెల్లో మెట్ట రైతుల బతుకులను దగ్గరగా గమనించడం మొదలుపెట్టింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు వాటిలో ఉన్నాయి. అక్కడా, మహారాష్ట్ర పల్లెల్లోనూ హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికశాస్త్రవేత్త ముందు నోటిమాటగా అడిగి చూశాడు. జవాబులు పొంతన లేకుండా వచ్చాయి, అడిగే మనిషిని బట్టి మారిపోయాయి. దాంతో నిజం డబ్బుతో బొమ్మాబొరుసు ఆడించాడు. ఏమీ తెగించకుండా 50 రూపాయలు తీసుకోవచ్చు. లేదా నాణెం ఒక పక్క పడితే 30, రెండో పక్క పడితే 150 అన్న పందెం ఎంచుకోవచ్చు. మరీ తెగిస్తే సున్నా లేదా 200. మధ్యలో ఇంకా కొన్ని మెట్లు. మొదట అర్ధరూపాయితో మొదలుపెట్టి, ఆలోచించుకునే వ్యవధి ఇస్తూ వారాల తరబడి ఆడించాడు. పెద్ద పందెంలో వచ్చే డబ్బు ఆనాటి కూలీకి నెల సంపాదన కన్నా ఎక్కువే.

1980లో ఆయన ప్రచురించిన ఫలితం చూడండి. పందెం పెద్దదయ్యేకొద్దీ దాదాపు అందరూ ఒక మోస్తరు జాగ్రత్తకే వచ్చి చేరారు. కలవాడికీ లేనివాడికీ ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒకడు కొత్త విత్తనం వేసి, ఇంకొకడు వేయకపోతే, అది ముఖ్యంగా గుండెల్లో ఉన్న తేడా కాదు. అప్పు పుట్టడంలో, సరుకు అమ్ముకోవడంలో, సలహా అందడంలో ఉన్న తేడా.

అంటే ఏమిటి? పేద రైతు పుట్టు పిరికివాడన్న మాటకు ఒక నాణెం ఎదురు సాక్ష్యం చెప్పింది.

అయితే ఆ నాణెం చెప్పలేనిదీ ఉంది. ఆట పరిశోధకుల డబ్బుతో నడిచింది. చేలో పోయేది మాత్రం మన బుడ్డల విత్తనం, మన ఇంటి తిండి. కాబట్టి ఏది కొలిచామో, ఏది కొలవలేదో రెండూ చెప్పి అంకె వేయడం న్యాయం. ప్రశ్నను చెరిపేసి అంకె ఒక్కటే మనిషి నుదుటి మీద అంటించడం అన్యాయం.

మనసును కొలవడం పాపం అనేవాళ్ళున్నారు. నేనూ అన్నాను. కానీ, రోజూ మనం చేస్తున్నదేమిటి? వీడు సోమరి, వాడు మొండి, ఆమె గయ్యాళి అని పొద్దున లేచింది మొదలు కొలుస్తూనే ఉన్నాం. ఏ సేరుతో కొలిచామో ఎవరికీ చెప్పం. శాస్త్రం తన సేరును నలుగురి ముందూ పెడుతుంది. సొట్ట ఉంటే చూపించమంటుంది.

మరునాడు మేనల్లుడు ప్రశ్న మార్చి వచ్చాడు. “తాతా, పత్తి కొత్తగా వచ్చినప్పుడు నీకున్న నాలుగెకరాల్లో ఎన్నెకరాలు వేసినావు? ఆ ఏడు ఇంట్లో తిండిగింజలు ఎన్నున్నాయి?”

“ఇది అడిగినావు చూడు, ఇది ప్రశ్న” అన్నాడు పెద్దనాయన. “ఒకెకరా వేసినా. కొర్ర రెండు నెలలకుండె. వాన పోయింటే మూడో నెలకు వలస పోవల్ల.”

పక్కనే కూర్చుని ఉన్నాను. ఊరంతా పత్తి వేస్తుంటే ఒక్క ఎకరాతో సరిపెట్టుకున్నాడని ఆయన్ని ముప్ఫై ఏళ్ళుగా ‘పిరికి పెద్దనాయన’ అని నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. గాదెలో రెండు నెలల గింజలు మాత్రమే ఉంచుకుని పావు వంతు చేనును పందెం కాశాడని నాకు తెలియదు. తెలియదంటే, ఎన్నడూ అడగలేదు.